సంజూకి బదులుగా జడేజా, కరన్.. లాభం ఎవరికి? ఆ రూ.4 కోట్లు ఎవరి జేబులోంచి పోయాయి?

ఒక వికెట్ కీపర్ ఇచ్చారు. బదులుగా ఇద్దరు ఆల్‌రౌండర్లను తీసుకున్నారు. నవంబర్ 15న ఐపీఎల్ అధికారికంగా ప్రకటించిన సంజూ శాంసన్ ట్రేడ్‌ను ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇంతే. శాంసన్ రాజస్థాన్ రాయల్స్ నుంచి చెన్నై సూపర్ కింగ్స్‌కు వెళ్లాడు. చెన్నై నుంచి రవీంద్ర జడేజా, సామ్ కరన్ రాజస్థాన్‌కు వచ్చారు.

నెల దాటింది. డిసెంబర్ 16న అబుదాబిలో మినీ వేలం కూడా అయిపోయింది. అయినా ఫ్యాన్స్ మధ్య పంచాయితీ మాత్రం తెగలేదు. "31 ఏళ్ల కీపర్‌ని ఇచ్చి 37 ఏళ్ల జడేజాని తెచ్చుకుంటారా?" అని రాజస్థాన్ ఫ్యాన్స్ మండిపడుతుంటే, "12 సీజన్లు ఆడినోడిని ఇలా పంపించేస్తారా?" అని చెన్నై ఫ్యాన్స్ బాధపడుతున్నారు. రెండు వైపులా మోసపోయామనే అంటున్నారు! మరి లాభపడింది ఎవరు? అసలు లెక్క ఏంటి? ఓసారి చూద్దాం.

ముందు ఫ్యాన్స్ వేసిన లెక్కలేంటి?

సంజూ రాజస్థాన్‌ను వీడాలనుకుంటున్నాడని ఆగస్టులోనే వార్తలు గుప్పుమన్నాయి. అప్పటి నుంచి సోషల్ మీడియాలో ప్రతి అభిమానీ ఓ ఫ్రాంచైజీ ఓనర్ అయిపోయాడు. కోల్‌కతా అయితే యువ బ్యాటర్ రఘువంశీని ఇస్తుందని కొందరు, ఢిల్లీ అయితే ట్రిస్టన్ స్టబ్స్‌ను ఇస్తుందని ఇంకొందరు చెప్పుకొచ్చారు. చెన్నై పేరు రాగానే శివమ్ దూబే నుంచి డెవాల్డ్ బ్రెవిస్ వరకు ఎవరి పేరూ వదల్లేదు. జడేజాతో పాటు బ్రెవిస్ కూడా కావాలని రాజస్థాన్ పట్టుబట్టిందని, చెన్నై ససేమిరా అందని కూడా అప్పట్లో వార్తలొచ్చాయి.

చివరికి బ్రెవిస్ చెన్నైలోనే ఉన్నాడు. జడేజాతో పాటు వెళ్లింది సామ్ కరన్.

ఈ ఊహాగానాలన్నింటిలో కామన్ పాయింట్ ఒకటుంది. అందరూ పేర్లే లెక్కపెట్టారు. "ఈ ప్లేయర్‌కి ఆ ప్లేయర్ సరిపోతాడా?" అన్నదే ప్రశ్న. కానీ ఐపీఎల్ ట్రేడ్ అనేది పేర్లతో పాటు పర్సు, విదేశీ స్లాట్లు, ప్లేయర్ అంగీకారం.. ఈ మూడూ కుదిరితేనే పూర్తవుతుంది.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఐపీఎల్‌లో ట్రేడ్ రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి ప్లేయర్‌కి ప్లేయర్. రెండోది పూర్తిగా డబ్బులకి, అంటే 'ఆల్ క్యాష్ డీల్'. ఏదైనా సరే, ప్లేయర్ సంతకం లేకుండా కుదరదు. ఐపీఎల్ గవర్నింగ్ కౌన్సిల్ ఓకే చెప్పాలి. ఒక జట్టులో గరిష్ఠంగా 25 మంది, అందులో విదేశీయులు 8 మందికి మించకూడదు. మొత్తం జీతాల బిల్లు 2026 సీజన్‌కి రూ.125 కోట్లు దాటకూడదు.

అంటే రాజస్థాన్ "మాకు ఇద్దరు కావాలి" అని అడిగితే సరిపోదు. ఆ ఇద్దరికీ జీతం ఎక్కడి నుంచి తేవాలి? రెండో ప్లేయర్ విదేశీయుడైతే స్లాట్ ఎక్కడుంది? 2025 సీజన్ చివరికి రాజస్థాన్ దగ్గర విదేశీ స్లాట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. కరన్ రావాలంటే ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. వానిందు హసరంగ, మహీష్ తీక్షణ, ఫజల్‌హక్ ఫారూఖీ.. ముగ్గురినీ రాజస్థాన్ వదిలేసింది.

ఫ్యాన్స్ లెక్కలో ఈ ముగ్గురి పేర్లు ఎక్కడా కనిపించవు. సంజూ పోయాడు, ఇద్దరు వచ్చారు అంటారు. ఆ ఇద్దరి కోసం ఇంకెవరు బయటికి వెళ్లారన్నది కూడా ఖాతాలో రాయాల్సిందే కదా!

ఇప్పుడు అసలు పాయింట్.. రూ.4 కోట్లు

ఇక డబ్బు లెక్క. ఇది చాలా సింపుల్. కానీ చాలామంది పట్టించుకోలేదు.

సంజూ జీతం రూ.18 కోట్లు. చెన్నైలో కూడా అంతే. కరన్ జీతం రూ.2.4 కోట్లు. రాజస్థాన్‌లో కూడా అంతే. మారింది ఒక్కరి జీతమే. చెన్నైలో రూ.18 కోట్లు అందుకున్న జడేజాకు రాజస్థాన్‌లో రూ.14 కోట్లు. అంటే రూ.4 కోట్ల కోత.

ఇప్పుడు రాజస్థాన్ వైపు నుంచి చూద్దాం. వెళ్లింది రూ.18 కోట్లు. వచ్చింది 14 ప్లస్ 2.4, అంటే రూ.16.4 కోట్లు. ఇద్దరు ప్లేయర్లు వచ్చాక కూడా రూ.1.6 కోట్లు మిగిలాయి. జడేజా పాత జీతానికే వచ్చి ఉంటే? వచ్చే బిల్లు రూ.20.4 కోట్లు అయ్యేది. మిగలడం సంగతి అలా ఉంచితే, రాజస్థాన్ పర్సులోంచి ఇంకో రూ.2.4 కోట్లు పోయేవి.

కరన్ జీతం 2.4. రాజస్థాన్ మిగుల్చుకుంది 1.6. రెండూ కలిపితే సరిగ్గా 4 కోట్లు. అంటే "సంజూకి బదులుగా జడేజాతో పాటు ఎక్స్‌ట్రాగా కరన్‌ని లాగారు" అని ఫ్యాన్స్ చెప్పుకుంటున్న ఆ ఎక్స్‌ట్రా ఖర్చు చెన్నై భరించలేదు, రాజస్థాన్ కూడా భరించలేదు. జడేజా జీతం కోతలోంచే అది సర్దుబాటైంది.

ఇక చెన్నై? వాళ్లకు వెళ్లిన బిల్లు 20.4, వచ్చిన బిల్లు 18. ఒక విదేశీ స్లాట్ ఖాళీ అయింది, రూ.2.4 కోట్లు మిగిలాయి. రెండు జట్లూ పర్సులో లాభంతోనే బయటపడ్డాయి. జేబుకు చిల్లు పడింది ప్లేయర్‌కి మాత్రమే.

జడేజా ఒప్పుకోకుండా ఇది జరగదు కాబట్టి దీన్ని అన్యాయం అనలేం. కానీ "ట్రేడ్‌లో ఎవరు గెలిచారు?" అని అడిగేటప్పుడు ఈ లైన్ వదిలేస్తే లెక్క సగమే అవుతుంది.

రాజస్థాన్ సంజూని ఎందుకు వదులుకుంది?

సంజూ 2013లో రాజస్థాన్ తరఫున ఐపీఎల్‌లో అడుగుపెట్టాడు. జట్టు సస్పెన్షన్‌లో ఉన్న 2016, 2017లో ఢిల్లీకి ఆడాడు. 2018లో తిరిగొచ్చాడు. 2021లో కెప్టెన్ అయ్యాడు. 2022లో జట్టును ఫైనల్‌కి తీసుకెళ్లాడు. అంతకుముందు రాజస్థాన్ ఫైనల్ ఆడింది 2008లోనే. 2024లో కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. చెపాక్‌లో జరిగిన రెండో క్వాలిఫయర్‌లో మన సన్‌రైజర్స్ చేతిలో 36 పరుగుల తేడాతో ఓడిపోయారు. హైదరాబాద్ ఫ్యాన్స్‌కు ఆ రాత్రి ఇంకా గుర్తుండే ఉంటుంది.

2025 మాత్రం తేడా కొట్టింది. గాయాలతో సంజూ 9 మ్యాచ్‌లే ఆడాడు. జట్టు తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఈ గ్యాప్‌లో 14 ఏళ్ల వైభవ్ సూర్యవంశీ ఓపెనర్‌గా వచ్చి గుజరాత్ మీద 35 బంతుల్లోనే సెంచరీ బాదేశాడు. రెండో ఎండ్‌లో యశస్వి జైస్వాల్. కీపింగ్‌కి ధ్రువ్ జురెల్ ఉన్నాడు, అతనికి రూ.14 కోట్లు ఇస్తున్నారు. అంటే సంజూ ఆడే ప్లేస్, సంజూ చేసే పని.. రెండింటికీ ఇంట్లోనే మనుషులు రెడీగా ఉన్నారు.

రాజస్థాన్‌కు లేనిది మిడిలార్డర్‌లో నిలబడి, నాలుగు ఓవర్లు స్పిన్ వేయగల ఆల్‌రౌండర్. హసరంగ, తీక్షణ వెళ్లాక ఆ ఖాళీ ఇంకా పెద్దదైంది. అక్కడ జడేజా కరెక్టుగా సరిపోతాడు. వేలంలో రవి బిష్ణోయ్‌ని రూ.7.2 కోట్లకు కొన్నది కూడా అందుకే. రాజస్థాన్ వేలానికి తెచ్చుకున్న పర్సు రూ.16.05 కోట్లు. జడేజా జీతం తగ్గకపోయి ఉంటే అది 12 కోట్ల దగ్గర ఆగేది. బిష్ణోయ్ కోసం పోటీ పడ్డప్పుడు ఆ తేడా చిన్నదేం కాదు.

చెన్నైకి ఇంత అవసరం ఏమొచ్చింది?

దీనికి సమాధానం ఒక్క పేరు. ధోని.

ధోనికి 44 ఏళ్లు. 2008 నుంచి చెన్నై జెర్సీలో వికెట్ల వెనుక మరో మనిషిని ఊహించుకోవడం ఫ్యాన్స్‌కే కష్టం. కానీ మేనేజ్‌మెంట్ ఊహించుకోక తప్పదు. పైగా 2025లో చెన్నై చరిత్రలోనే తొలిసారి పట్టికలో అట్టడుగున నిలిచింది. కీపింగ్ చేసి, టాప్ ఆర్డర్‌లో ధాటిగా ఆడి, కెప్టెన్సీ అనుభవం కూడా ఉన్న ఇండియన్ ప్లేయర్ వేలంలో దొరకడం చాలా అరుదు. దొరికినా ధర ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ట్రేడ్ అయితే ధర ముందే ఫిక్స్.. రూ.18 కోట్లు.

మరి జడేజా లేని లోటు? దాని ఖరీదెంతో వేలంలోనే తెలిసింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన లెఫ్టార్మ్ స్పిన్ ఆల్‌రౌండర్ ప్రశాంత్ వీర్‌ను చెన్నై రూ.14.20 కోట్లకు కొంది. అతని బేస్ ప్రైస్ రూ.30 లక్షలు. ఇంకా టీమిండియాకు ఆడలేదు. అంటే రాజస్థాన్ జడేజాకు ఇస్తున్న దానికంటే 20 లక్షలు ఎక్కువ పెట్టి, జడేజా తరహా కుర్రాడిని చెన్నై తెచ్చుకుంది! అదే వేలంలో మరో కుర్రాడు, వికెట్ కీపర్ బ్యాటర్ కార్తీక్ శర్మకూ రూ.14.20 కోట్లే పెట్టింది. అన్‌క్యాప్డ్ ప్లేయర్లకు ఐపీఎల్‌లో ఇదే రికార్డు ధర.

ఇలా చూస్తే చెన్నై ఇచ్చింది జడేజా, కరన్‌లను మాత్రమే కాదు. జడేజా స్థానం నింపడానికి వేలంలో పెట్టిన 14.20 కోట్లను కూడా సంజూ ఖాతాలోనే వేయాలి.

31 వర్సెస్ 37.. ఈ తేడా ఎంత ముఖ్యం?

రాజస్థాన్ ఫ్యాన్స్ ఎక్కువగా ఎత్తిచూపేది వయసు తేడానే. అందులో న్యాయం ఉంది. కానీ ఐపీఎల్‌లో మూడేళ్లకోసారి మెగా వేలం వస్తుంది. గత మెగా వేలం 2025 సీజన్‌కి ముందు జరిగింది. అదే లెక్క కొనసాగితే 2028కి ముందు మళ్లీ జట్లన్నీ దాదాపు ఖాళీ అవుతాయి. అంటే గ్యారంటీగా చేతిలో ఉండేవి 2026, 2027.. రెండు సీజన్లే. ఈ రెండేళ్ల వరకు చూస్తే 37 ఏళ్ల జడేజా పెద్ద రిస్క్ కాకపోవచ్చు. ఆ తర్వాత కూడా రిటైన్ చేసుకోవచ్చన్న ఆశతో తీసుకుంది చెన్నై. కాబట్టి రాజస్థాన్ కొనుక్కున్నది ఈ రోజుని, చెన్నై కొనుక్కున్నది రేపటిని అనుకోవచ్చు.

బేస్‌బాల్ ఫ్యాన్స్‌కి ఇది రొటీన్

ఒక కీపర్ వెళ్తే బదులుగా ఏం రావాలి అన్న చర్చ మనకి కొత్త. అమెరికా బేస్‌బాల్ ఫ్యాన్స్‌కి మాత్రం ఏటా ఉండేదే. బ్యాటర్ వెనుక కూర్చుని బంతి అందుకునే క్యాచర్, మన కీపర్ లాంటోడే. అక్కడ జీతాల సర్దుబాటు కంటే, మైనర్ లీగ్స్‌లో ఆడే కుర్రాళ్లు ఎంతమంది వస్తారన్న దాని మీదే ఎక్కువ ఊహాగానాలు నడుస్తాయి.

2003లో మిన్నెసోటా ట్విన్స్ తమ క్యాచర్ ఏ.జె. పియర్జిన్‌స్కీని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ఇచ్చింది. కారణం, జో మావర్ అనే కుర్ర క్యాచర్ అప్పటికే రెడీగా ఉన్నాడు. సంజూ, జురెల్ కథ లాగే! బదులుగా వచ్చింది ముగ్గురు పిచర్లు: జో నాథన్, ఫ్రాన్సిస్కో లిరియానో, బూఫ్ బాన్సర్. నాథన్ ఆ తర్వాత ట్విన్స్ తరఫున 260 మ్యాచ్‌లను చివర్లో కాపాడాడు. పియర్జిన్‌స్కీ జెయింట్స్‌లో ఉన్నది ఒక్క సీజనే.

ఇక 2022 డిసెంబర్‌లో ఓక్లాండ్ క్యాచర్ షాన్ మర్ఫీ ట్రేడ్ జరిగింది. మూడు జట్ల మధ్య తొమ్మిది మంది మారారు. ఓక్లాండ్‌కి ఏకంగా ఐదుగురు వచ్చారు. కానీ మధ్యలో దూరిన మిల్వాకీ, విలియం కాంట్రెరాస్ అనే క్యాచర్‌ని పట్టుకుపోయింది. అతను 2024లో ఆల్‌స్టార్ జట్టులోకి వెళ్లాడు. తలలు లెక్కపెడితే గెలిచింది ఓక్లాండ్. ఆట చూస్తే మిల్వాకీ.

మన దగ్గరా ఉదాహరణ ఉంది

అంత దూరం ఎందుకు? 2019 సీజన్‌కి ముందు బెంగళూరు తమ కీపర్ క్వింటన్ డికాక్‌ను ముంబైకి రూ.2.8 కోట్లకు ఇచ్చేసింది. బదులుగా ప్లేయర్ ఎవరూ రాలేదు. డికాక్ ఆ సీజన్‌లో 529 పరుగులు, 2020లో 503 పరుగులు చేశాడు. రెండుసార్లూ కప్పు ముంబైదే. 2019 ఫైనల్ జరిగింది మన ఉప్పల్ స్టేడియంలోనే. అదే ఏడాది బెంగళూరు పట్టికలో ఆఖరి స్థానంలో నిలిచింది. డీల్ జరిగిన రోజు మాత్రం దాన్ని ఎవరూ ఇంత పెద్ద విషయంగా చూడలేదు.

సన్‌రైజర్స్ సంగతే చూడండి. ఈసారి మహ్మద్ షమీని లక్నోకి ఇచ్చేశారు. రూ.10 కోట్లు, ఆల్ క్యాష్. "బదులుగా ఎవరొచ్చారు?" అంటే ఆ రోజు చెప్పడానికి ఒక్క పేరు లేదు. కానీ 2025లో 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లే తీసిన షమీ స్థానంలో పర్సులోకి పది కోట్లు తిరిగొచ్చాయి. వేలంలో లియామ్ లివింగ్‌స్టన్ కోసం రూ.13 కోట్ల వరకు వెళ్లగలిగారంటే ఆ డబ్బు కూడా ఒక కారణమే. హైదరాబాద్‌కి షమీ ట్రేడ్ లాభమా, నష్టమా అన్నది రేపు ఉప్పల్‌లో లివింగ్‌స్టన్ బ్యాట్ చెప్పాలి.

సెంటిమెంట్‌కి రేటు కట్టలేం

జడేజా 2012 నుంచి చెన్నైకి 12 సీజన్లు ఆడాడు. 2023 ఫైనల్లో చివరి రెండు బంతులకు 10 పరుగులు కావాల్సినప్పుడు మోహిత్ శర్మ బౌలింగ్‌లో ఒక సిక్స్, ఒక ఫోర్ కొట్టి కప్పు తెచ్చాడు. ధోని అతన్ని ఎత్తుకున్న ఆ విజువల్ ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

అయితే జడేజాకు రాజస్థాన్ కొత్తేం కాదు. 2008లో షేన్ వార్న్ కెప్టెన్సీలో తొలి ఐపీఎల్ గెలిచిన జట్టులో 19 ఏళ్ల జడేజా ఉన్నాడు. 17 ఏళ్ల తర్వాత మళ్లీ అదే గూటికి చేరాడు. కేరళ కుర్రాడు సంజూకి చెపాక్ కూడా పరాయి ఊరేం కాదు. అయినా సరే, కెప్టెన్‌గా ఉన్న ఇంటిని వదిలి ఇంకొకరి కెప్టెన్సీలో ఆడబోతున్నాడు. చెన్నై పగ్గాలు రుతురాజ్ గైక్వాడ్ దగ్గరే ఉంటాయని ఫ్రాంచైజీ ట్రేడ్ రోజే చెప్పేసింది.

మరి ఎవరికి లాభం?

ఈ రోజుకి కాగితం మీద చూస్తే రాజస్థాన్‌కే కాస్త మొగ్గు కనిపిస్తోంది. తమ దగ్గర ఎక్కువైన చోటు నుంచి ఒకరిని ఇచ్చి, ఖాళీ ఉన్న చోటుకి ఇద్దరిని తెచ్చుకున్నారు. పైగా డబ్బు మిగిలింది. చెన్నై ఎక్కువ ఖర్చు పెట్టింది. కానీ వాళ్ల సమస్య కూడా పెద్దది. ధోని తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు ఎప్పుడో ఒకప్పుడు రేటు కట్టక తప్పదు.

సీజన్ మొదలయ్యాక మూడు విషయాలు గమనిస్తే చాలు. ఒకటి, చెన్నైలో గ్లవ్స్ ఎవరి చేతికి ఉంటాయి? ధోని ఆడుతున్నన్ని రోజులు సంజూ బ్యాటర్‌గానే ఉండిపోతే, కీపర్ కోసం ఇచ్చిన రేటు బ్యాటర్ కోసం ఇచ్చినట్టవుతుంది. రెండు, జురెల్, సూర్యవంశీ నిలకడగా ఆడతారా? వాళ్లు తడబడితే సంజూ లేని లోటు రాజస్థాన్‌కి వెంటనే తెలుస్తుంది. మూడు, ప్రశాంత్ వీర్. 14.20 కోట్ల ఈ కుర్రాడు క్లిక్ అయితే చెన్నై ఫ్యాన్స్ ఈ ట్రేడ్ గొడవే మర్చిపోతారు. కాకపోతే ప్రతి మ్యాచ్‌లోనూ జడేజా పేరు వినిపిస్తుంది.

జడేజా సంగతి మాత్రం వేరు. సీజన్ ఎలా నడిచినా అతని బిల్లు ముందే కట్టేశాడు. ఈసారి సామ్ కరన్ ఎప్పుడు వికెట్ తీసినా, "సంజూకి బదులుగా వచ్చినోడు" అని రాజస్థాన్ ఫ్యాన్స్ అంటారు. లెక్క ప్రకారం చూస్తే, ఆ కుర్రాడి జీతం జడ్డూ వదులుకున్న డబ్బే.